ఏ రికార్డు ఉంచాలి, ఏది తీసేయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

రికార్డు రూమ్ సర్దుదామని కూర్చున్న ఆఫీసు గుమాస్తా, పాత రిజిస్టర్లు చేతికొచ్చిన సహకార సంఘం కార్యదర్శి, తాతగారి ట్రంకు పెట్టె తెరిచిన మనవరాలు... అందరూ చివరికి అడిగేవి దాదాపు ఇవే. ఏళ్ల తరబడి పాత దస్త్రాల మధ్య పనిచేసిన అనుభవంతో వాటికి ఇక్కడ జవాబులు రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## పని మొదలుపెట్టక ముందు

అన్నీ దాచేస్తే పోలా? ఏరడం ఎందుకు?

అన్నీ దాచిన గదిలో ఏదీ దొరకదు. చోటు చాలకపోవడం చిన్న సమస్య. వెయ్యి కట్టలు ఉన్నచోట నిజంగా కావలసిన ఇరవై కట్టలకు విడిగా అట్టపెట్టె, సూచిక, పురుగుల మందు, మంచి అల్మారా ఏర్పాటు చేయడానికి డబ్బూ మనుషులూ మిగలకపోవడం పెద్ద సమస్య. మనం ఏరకపోతే ఆ పని చెదలు, వాన నీరు చేస్తాయి. వాటికి ఏది అవసరమో తెలియదు. అమెరికా జాతీయ ఆర్కైవ్స్ (ప్రభుత్వ పాత రికార్డులను భద్రపరిచే సంస్థ) తమ ప్రభుత్వంలో పుట్టే రికార్డుల్లో 1 నుంచి 3 శాతం మాత్రమే శాశ్వతంగా ఉంచుతామని చెబుతుంది. అంత పెద్ద సంస్థే అన్నీ ఉంచలేకపోతోంది.

అప్రైజల్ అంటే ధర కట్టడమా?

కాదు. బజార్లో ఆ కాగితానికి ఎంత పలుకుతుందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. ఇది ఎంతకాలం అవసరం, ఎవరికి అవసరం, ఎప్పటికీ ఉండాలా అని తేల్చడమే అప్రైజల్. తెలుగులో మదింపు అనొచ్చు. ఎవరూ కొనని హాజరు పట్టీ శాశ్వతంగా ఉండాల్సింది కావచ్చు, వేలంలో వేలు పలికే సంతకం ఉన్న ఉత్తరం మామూలు శుభాకాంక్ష కావచ్చు.

రేపు చరిత్రకు ఏది పనికొస్తుందో ఇవాళ ఎలా తెలుస్తుంది? జోస్యం చెప్పాలా?

అందరికీ ముందుగా వచ్చే టెన్షన్ ఇదే. జోస్యం అక్కర్లేదు. ఈ కాగితం ఏ పని కోసం పుట్టింది, ఆ పని ఎంతమంది బతుకును తాకింది అని చూస్తే చాలు.

హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల కాలపు దక్కన్ పత్రాలు లక్షన్నర దాకా ఉన్నాయి. ఒకప్పుడు ఔరంగాబాద్ కోటలో పడి ఉన్న ఫార్సీ కాగితాలవి. అందులో చాలావరకు ఫర్మానాలు (రాజాజ్ఞలు) కావు, సైన్యపు రోజువారీ లెక్కలు. సిపాయి ముఖం ఎలా ఉంది, ఎక్కడ మచ్చ ఉంది, గుర్రం రంగేమిటి, దానికి వాత వేశారా లేదా అని రాసుకున్న హాజరీ చిట్టాలు. ఒకడి బదులు ఇంకొకడు వచ్చి జీతం పట్టుకుపోకుండా చూడటానికి పుట్టినవి. జీతం ఇచ్చేశాక వాటితో ఆనాటి గుమాస్తాకు పని లేదు. ఇవాళ మొఘల్ సైన్యంలో ఎవరు చేరారు, ఎక్కడినుంచి వచ్చారు, మన్సబ్‌దారీ పద్ధతి (హోదాను బట్టి సైన్యం, జీతం నిర్ణయించే ఏర్పాటు) నేల మీద ఎలా నడిచింది అని తెలుసుకోవాలంటే వాటినే తెరవాలి. వాటిని రాసినవాళ్లు చరిత్ర గురించి ఆలోచించలేదు. తమ పనిని వరుస తప్పకుండా, ఒకే పద్ధతిలో రాసుకుంటూ పోయారు. మదింపులో వెతకాల్సింది ఆ వరుసనే.

పాతదైతే విలువ ఉన్నట్టే కదా?

చాలా పాతదైతే దాదాపు అంతే. కారణం వయసు కాదు, ఆ కాలంవి కొన్నే మిగిలి ఉండటం. 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం ప్రకారం 1892కు ముందు పుట్టిన పబ్లిక్ రికార్డును నాశనం చేయకూడదు, ఇక ఏ ఉపయోగానికీ రానంతగా శిథిలమైందని ఆర్కైవ్స్ అధిపతి తేల్చితే తప్ప. అది మంచి గీత. ఆ గీతకు ఇవతల ఉన్నవాటికి మాత్రం వయసును చూసి మార్కులు వేయకూడదు. 1960 నాటి స్టేషనరీ కొనుగోలు రసీదు కంటే నిరుడు ఒక ఊరిని ముంపు నుంచి తరలించిన ఫైలు ఎంతో ముఖ్యం.

ఇది ఎవరు నిర్ణయించాలి? ఆఫీసు వాళ్లా, ఆర్కైవ్స్ వాళ్లా?

ఈ వాదన నూరేళ్ల నాటిది. లండన్ పబ్లిక్ రికార్డ్ ఆఫీసులో పనిచేసిన హిలరీ జెంకిన్‌సన్ 1922లో ఆర్కైవిస్టు ఏరకూడదని వాదించాడు. ఏరితే అతని ఇష్టాయిష్టాలు చరిత్రలో కలిసిపోతాయి, కాబట్టి కాగితం పుట్టించిన ఆఫీసే తన అవసరాన్ని బట్టి తీసేసుకోవాలి, మిగిలింది ఆర్కైవిస్టు కాపాడాలి అన్నాడు. 1950లలో అమెరికా జాతీయ ఆర్కైవ్స్‌లో పనిచేసిన షెల్లెన్‌బర్గ్ ఇది సాగదన్నాడు. ఆఫీసు తన అవసరం మాత్రమే చూస్తుంది, బయటివాళ్ల అవసరం దానికి పట్టదు, కాబట్టి ఆర్కైవిస్టే పూనుకోవాలి అన్నాడు.

నా మట్టుకు నేను షెల్లెన్‌బర్గ్ పక్షం. అయినా జెంకిన్‌సన్ భయం నిజమైనదే, అందుకే ఒక్కరే కూర్చుని తేల్చకూడదు. మన 1993 పబ్లిక్ రికార్డ్స్ చట్టమూ ఈ రెండింటినీ కలిపింది: 25 ఏళ్లు దాటిన రికార్డులను ఆఫీసులోని రికార్డు ఆఫీసర్ జాతీయ ఆర్కైవ్స్‌ను సంప్రదించి మదింపు చేయాలి. ఈ చట్టం కేంద్ర ప్రభుత్వానికి, కేంద్రపాలిత ప్రాంతాలకు, వాటి కింది సంస్థలకు వర్తిస్తుంది. రాష్ట్ర కార్యాలయాలు తమ సొంత నియమాల ప్రకారం నడుస్తాయి.

## ఏరడానికి కూర్చున్నప్పుడు

ఒక్కో కాగితం చదవాలా? అలాగైతే జన్మంతా సరిపోదు.

చదవక్కర్లేదు, చదవకూడదు కూడా. విడి కాగితం చూస్తే కంటికి ఆసక్తిగా కనిపించింది ఉంచుతాం, మామూలుది తీసేస్తాం. దాంతో ఆ వరుస తెగిపోతుంది. చూడాల్సింది వరుసనే: ఒకే పని వల్ల, ఒకే పద్ధతిలో పుట్టిన ఫైళ్లు, రిజిస్టర్లు ఒక జట్టు. ఆ ఆఫీసు పని ఏమిటి, ఆ పనిలో ఈ జట్టు పాత్ర ఏమిటి అని ముందు రాసుకోండి. తర్వాత మొదట్లో, మధ్యలో, చివర్లో నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. ఉంటే జట్టు మొత్తం ఉంటుంది, పోతే మొత్తం పోతుంది, లేదా ఒక లెక్క ప్రకారం కొంత ఉంటుంది.

పని మొదలుపెట్టేముందు కట్టలు ఉన్న వరుసను కదపకండి. ఏ అల్మారాలో ఏ అరలో ఏది ఉందో రాసుకోండి, సెల్‌ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. ఆ వరుసే ఒక సాక్ష్యం.

ఏమేం ప్రశ్నలు వేసుకుని చూడాలి?

ముందుగా, ఆఫీసుకు ఇంకా దీనితో పని ఉందా? పెన్షన్, ఆడిట్, కోర్టు, భూమి, పన్ను, వీటిలో ఏదైనా మిగిలి ఉంటే చరిత్ర మాట తర్వాత.

ఆ పని అయిపోయిందనుకోండి, అప్పుడు రెండు చూడాలి. ఈ ఆఫీసు ఎలా పుట్టింది, ఎవరు ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారు అన్నది దీన్ని బట్టి తెలుస్తుందా? ఇక రెండోది, ఆఫీసుతో సంబంధం లేకుండా మనుషుల గురించి, ఊళ్ల గురించి, పంటల గురించి, జబ్బుల గురించి ఇందులో సమాచారం ఉందా? ఆ సమాచారం ఇంకెక్కడైనా ఇంతకంటే పూర్తిగా దొరికితే దీని బరువు తగ్గుతుంది. ఇంకెక్కడా లేకపోతే పెరుగుతుంది.

చివరగా అడగాల్సిన మొరటు ప్రశ్న ఒకటుంది. దీన్ని నిలబెట్టే స్తోమత మనకుందా? తడిసి ముద్దైన రిజిస్టరును బాగుచేయడానికి నెలలు పడుతుంది. అందులో ఉన్నది అంత శ్రమకు తగినదా కాదా అని నిజాయితీగా అడగాలి.

ఫైలు మీద ఆర్.డిస్, డి.డిస్ అని రాసే ఉంది కదా. దాన్ని బట్టి పోతే సరిపోదా?

చాలామటుకు సరిపోతుంది. మద్రాసు కాలం నుంచి మన జిల్లా ఆఫీసుల్లో ఉన్న చక్కటి పద్ధతి అది. ఫైలు ముగించేటప్పుడే ఆర్.డిస్ అంటే శాశ్వతం, డి.డిస్ అంటే పదేళ్లు, ఎల్.డిస్ అంటే ఒక ఏడాది అని గుర్తు వేస్తారు. కేంద్ర కార్యాలయాల్లో ఇదే పని ఎ, బి, సి తరగతులు చేస్తాయి: మొదటి రెండూ ఉంచాల్సినవి, మూడోది గడువు తర్వాత తీసేసేది.

కానీ ఆ గుర్తు వేసేది పని తొందరలో ఉన్న సెక్షన్ గుమాస్తా. అడిగితే తిప్పలెందుకని అన్నింటికీ డి.డిస్ వేసినవాళ్లను చూశాను, భయపడి అన్నింటికీ ఆర్.డిస్ వేసినవాళ్లనూ చూశాను. కాబట్టి పదేళ్ల గడువు ముగిసిన కట్టను తీసేసేముందు పర్సనల్ రిజిస్టరుతో (గుమాస్తా తన దగ్గరికొచ్చిన కాగితాలను నమోదు చేసే పుస్తకం) పోల్చి, పదికి ఒక ఫైలైనా తెరిచి చూడాలి. ముఖ్యంగా కరువు, వరద, తుపాను, అంటువ్యాధి ఏళ్ల ఫైళ్లకు పాత గుర్తును నమ్మొద్దు.

ఒకే ఉత్తర్వు నాలుగు ఆఫీసుల్లో ఉంది. ఎవరు ఉంచాలి?

నిర్ణయం తీసుకున్న ఆఫీసు. అక్కడే నోట్ ఫైలు ఉంటుంది. కరెంట్ ఫైలులో వచ్చిన ఉత్తరం, వెళ్లిన ఉత్తర్వు ఉంటాయి. ఎవరు ఏమన్నారు, ఎవరు ఒప్పుకోలేదు, ఏది కొట్టేశారు అన్నది నోట్ ఫైలులోనే ఉంటుంది. నకలు అందుకున్న ఆఫీసులో దాని మీద ఏదైనా చర్య జరిగి, అది రాసి ఉంటే ఆ నకలు నకలు కాదు, వేరే రికార్డు. మార్జిన్‌లో పెన్సిలుతో రాసిన రెండు ముక్కలు కూడా చూసి తేల్చండి.

ఒకేలాంటి దరఖాస్తులు వేలకొద్దీ ఉన్నాయి. అన్నీ ఉంచాలా?

అక్కర్లేదు. ఇలాంటి చోట నమూనా తీస్తారు. ప్రతి పదో ఫైలు, లేదా ఫలానా అంకెతో ముగిసే సంవత్సరాలు, లేదా చీటీ వేసినట్టు ఎంచినవి. ఏ పద్ధతైనా ముందే రాసుకుని దానికే కట్టుబడాలి. మధ్యలో బాగున్నదని ఒకటి కలిపితే లెక్క చెడుతుంది. బాగున్నవాటిని విడిగా, వేరే జట్టుగా ఉంచుకోవచ్చు.

దీనికి పెద్ద ఉదాహరణ అమెరికాలో జరిగింది. దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ తన ప్రాంతీయ కార్యాలయాల ఫైళ్లను నాశనం చేస్తుంటే కొందరు 1979లో కోర్టుకు వెళ్లారు. 1980 జనవరిలో న్యాయమూర్తి హెరాల్డ్ గ్రీన్ ఆపమని ఆదేశించారు, మదింపు మళ్లీ చేయమన్నారు. ఆర్కైవిస్టులు 1981లో వేల కేసు ఫైళ్లను పద్ధతిగా నమూనా తీసి పరిశీలించారు. లావుపాటి ఫైలులో విశేషం ఉండే అవకాశం ఎక్కువన్నది అలాంటి అధ్యయనాల్లో తేలిన ఒక మాట. చిన్న చిట్కాలా వినిపిస్తుంది గానీ, మన రికార్డు రూముల్లోనూ నిజమే. ఒక అర్జీ మీద ఫైలు నాలుగంగుళాలు పెరిగిందంటే ఎవరో పట్టు వదల్లేదన్నమాట.

హాజరు పట్టీలు, కూలీల జాబితాలు కూడా ఉంచాలా? అవి వట్టి పేర్లే కదా.

పేర్లే. అందుకే ఆగి ఆలోచించాలి. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి ఒప్పంద కూలీలతో డర్బన్ చేరింది. 1911 దాకా డర్బన్ ఉన్న నేటాల్‌కు అలా వెళ్లినవాళ్లు లక్షన్నరకు పైగా. వాళ్లలో తెలుగువాళ్లు ఎందరో. ఓడ దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు వేసి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, తాలూకా, జిల్లా, ఒంటి మీద గుర్తులు రాశారు. మనుషుల మీద గౌరవంతో రాసింది కాదు. పారిపోతే పట్టుకోవడానికి, తోటల యజమానులతో లెక్క సరిచూసుకోవడానికి రాశారు. కూలీ గడువు ముగిశాక వాటి పని అయిపోయింది.

ఇవాళ దక్షిణాఫ్రికాలోని ఆ కుటుంబాల వారసులు తమ ఊరు ఏదో తెలుసుకోవాలంటే ఆ జాబితాలే దిక్కు. తెలుగు మాట మరిచిపోయిన ఇంట్లో నంబరు ఒక్కటి పట్టుకుని వెతికితే ఊరి పేరు దొరుకుతుంది. ఆనాడు ఎవరో వీటిని వట్టి పేర్లనుకుని కాల్చేసి ఉంటే ఆ దారి శాశ్వతంగా మూసుకుపోయేది. మారిషస్‌కు వెళ్లినవారి రికార్డులు కూడా ఇలాగే నిలిచాయి, మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వాటిని చూడొచ్చు.

పేర్లు వరుసగా, పూర్తిగా, వేరే చోట లేకుండా ఉన్న జాబితా ఏదైనా సరే తీసేసే ముందు పదిసార్లు ఆలోచించండి.

పెద్ద ఆఫీసర్ల ఫైళ్లు ఉంచుతున్నాం. మామూలు జనం రికార్డుల్లో ఎక్కడ ఉంటారు?

అర్జీల్లో, వాంగ్మూలాల్లో, శిస్తు బకాయిల జాబితాల్లో, జైలు రిజిస్టర్లలో, ఆసుపత్రి రిజిస్టర్లలో. భూమి లేని మనిషి తన గొంతుతో మాట్లాడింది దాదాపు ఇలాంటి చోట్లే. తెలంగాణలో 1950 నాటి కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదారుల రిజిస్టరునే చూడండి. పట్టా లేకుండా దున్నుకున్న మనిషి పేరు సర్కారు కాగితం మీదికి ఎక్కింది అక్కడ. మదింపు చేసేటప్పుడు ఈ జట్టులో ఎవరి పేర్లు ఉన్నాయి, ఎవరివి లేవు అని విడిగా ఒక వాక్యం రాసుకోవడం అలవాటు చేసుకోండి. ఇలా చూడకపోవడం వల్ల జరిగిన నష్టం ఇక పూడ్చలేనిది.

ఉర్దూ, ఫార్సీ, మోడీ లిపిలో (మరాఠీ రాసిన పాత లిపి) ఉన్నవి మాలో ఎవరికీ చదవడం రాదు. ఏం చేయాలి?

చదవడం రానిదాన్ని పనికిరానిదిగా రాయకండి. నిజాం రాజ్యంలో 19వ శతాబ్దం చివరిదాకా సర్కారు కాగితం ఫార్సీలో, తర్వాత ఉర్దూలో నడిచింది. పాత తాలూకా ఆఫీసుల్లో అవి ఇంకా బస్తాల్లో ఉన్నాయి. కొలత, పుటల సంఖ్య, ముద్రలు, కనిపించే అంకెలు రాసి, అర్థమయ్యేవాళ్లు వచ్చేదాకా పక్కన పెట్టండి.

## తేల్చుకోలేనప్పుడు

ఇద్దరు అనుభవజ్ఞులు ఒకే కట్ట మీద రెండు రకాలుగా చెబితే ఎవరి మాట వినాలి?

కారణం రాసి ఇచ్చినవాళ్ల మాట. మదింపు గణితం కాదు, ఇద్దరికీ ఒకే జవాబు రావాలని లేదు. కానీ ఎందుకు ఉంచాలి, ఎందుకు తీసేయాలి అన్నది అర పేజీలో రాయగలగాలి. రాయలేకపోతే ఇంకా తెలియలేదన్నమాట. అప్పటికీ తెగకపోతే కట్ట మీద మళ్లీ చూడాల్సిన సంవత్సరం వేసి ఉంచండి. ఉంచినదాన్ని తర్వాతైనా తీసేయొచ్చు.

పొరపాటున ముఖ్యమైంది తీసేస్తే?

జరుగుతుంది. పెద్ద దేశాల్లోనే జరిగింది. అమెరికాలో 1890 జనాభా లెక్కల పత్రాలు 1921 జనవరిలో ఒక అగ్నిప్రమాదంలో కొంత కాలి, మిగతావి నీళ్లకు తడిశాయి. బాగుచేయకుండా ఏళ్ల తరబడి అలాగే వదిలేశారు. తర్వాత పనికిరాని కాగితాల జాబితాలో చేర్చి పంపితే 1933 ఫిబ్రవరి 21న కాంగ్రెస్ నాశనానికి అనుమతించింది. జాతీయ ఆర్కైవ్స్ భవనానికి శంకుస్థాపన జరిగింది సరిగ్గా అంతకు ముందు రోజు. 6 కోట్ల 20 లక్షలకు పైగా మనుషుల లెక్కలో ఇప్పుడు మిగిలినవి దాదాపు 6 వేల పేర్లు.

ఇంకా బాధ పెట్టేది బ్రిటన్ కథ. కరీబియన్ దీవుల నుంచి వచ్చినవారి పాత ల్యాండింగ్ కార్డులను అక్కడి హోం శాఖ 2010లో తీసేసింది. 2018 నాటికి ఆ మనుషులనే ఎప్పుడు వచ్చావో రుజువు చూపమన్నారు. యాభై ఏళ్లు అక్కడే పనిచేసిన పెద్దవాళ్లు ఉద్యోగాలు, వైద్యం, ఇల్లు పోగొట్టుకున్నారు. ఆ కార్డులు చరిత్రకారులకు అవసరమా అన్న ప్రశ్న ఒక్కటే వేస్తే సరిపోదు. వాటిలో పేరున్న మనిషికి ఇంకా అవసరం పడొచ్చా అని కూడా అడగాలి. ఆ మనిషి బతికున్నంత కాలం, ఆస్తి విషయమైతే పిల్లల కాలం దాకా కూడా, జవాబు ‘పడొచ్చు’ అనే అనుకోవాలి.

భూమి రికార్డుల్లో ఏవి ఎప్పటికీ తీసేయకూడదు?

హక్కు ఎక్కడ మొదలైందో చూపించేవి. తెలంగాణలో సేత్వార్ (తొలి సర్వే సెటిల్‌మెంట్ రిజిస్టరు), 1954-55 ఖాస్రా పహాణీ (సర్వే నంబరు వారీగా పట్టాదారు, సాగుదారు పేర్లు రాసిన రికార్డు). కోస్తా, రాయలసీమల్లో రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, సర్వే కొలతల పుస్తకాలు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే ఒకటో పుస్తకం. పహాణీలు, అడంగళ్లు ఏటేటా ఒకేలా కనిపిస్తాయి కాబట్టి కొన్ని ఏళ్లవి చాలనిపిస్తుంది. చాలవు. పట్టాదారు కాలమ్‌లో ఒక పేరు, అనుభవదారు కాలమ్‌లో ఇంకో పేరు ఏ ఏడాది మారింది అన్నదే తగాదా అంతా. మధ్యలో ఒక్క సంవత్సరం లేకపోతే దాని మీద ఇరవై ఏళ్లు కేసు నడుస్తుంది.

ఇందులో మనుషుల సొంత విషయాలు ఉన్నాయి. నాశనం చేయడమే మేలు కదా?

మూసి ఉంచడం వేరు, నాశనం చేయడం వేరు. ఆసుపత్రి, జైలు, దత్తత రికార్డులను ఇప్పుడే అందరికీ చూపించకూడదు. కొన్నేళ్లు మూసి, తర్వాత తెరవాలి. జాతీయ ఆర్కైవ్స్‌లో మామూలుగా పరిశోధకులకు 30 ఏళ్ల గడువు పాటిస్తారు. 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం కూడా ఆర్కైవింగ్ అవసరానికి మినహాయింపు ఇచ్చింది. దత్తత వెళ్లిన బిడ్డ పెద్దయ్యాక తన మూలం వెతుక్కుంటూ వస్తే, మీ గోప్యత కోసమే కాల్చేశాం అని చెప్పగలమా?

## తీసేసేటప్పుడు

స్కాన్ చేశాం. ఇక అసలు ప్రతి పారేయొచ్చా?

శాశ్వతంగా ఉంచాల్సినదైతే వద్దు. స్కానింగ్ వెతకడానికి, చూపించడానికి మంచిది. దస్తావేజు వెనక రాసిన మాటలు, స్టాంపు కాగితం నీటిగుర్తు, దిద్దిన అంకె కింద ఉన్న పాత అంకె స్కాన్‌లో పోవచ్చు. స్కాన్ చేసినవాళ్లు వెనక పుటలు వదిలేసిన రిజిస్టర్లు నేనే చూశాను. గడువు ఉన్న మామూలు కాగితాలకైతే స్కాన్ సరిగ్గా వచ్చిందని పుట పుటా సరిచూసి, నియమం అనుమతిస్తే తీసేయొచ్చు.

పాత పేపర్లు కొనేవాడికి అమ్మేయొచ్చా?

వద్దు. పేర్లు, సంతకాలు, ఖాతా నంబర్లు ఉన్న కాగితం బజ్జీల పొట్లంగా బయట తిరుగుతుంది. ముక్కలు చేయాలి, లేదా అధికారి ఎదురుగా కాల్చాలి. కేంద్ర చట్టం కింద నియమం తప్పి పబ్లిక్ రికార్డు నాశనం చేస్తే అయిదేళ్ల దాకా జైలు, పదివేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

తీసేసినవాటి జాబితా ఎందుకు? పోయినవి పోయాయి కదా.

పోయాయని తెలియడం కోసం. జాబితా లేకపోతే రేపు ఎవరైనా సమాచార హక్కు కింద అడిగినప్పుడు ‘ఫైలు దొరకలేదు’ అనే రాస్తారు. ఆ మాటకు ఎన్ని అర్థాలైనా ఉండొచ్చు. ఫలానా జట్టు, ఫలానా ఏళ్లు, ఫలానా తేదీన, ఫలానా నియమం కింద, ఫలానా అధికారి అనుమతితో తీసేశాం అని ఉంటే అడిగినవాళ్లు ఇంకో చోట వెతుక్కుంటారు. ఈ జాబితాను శాశ్వత రికార్డుగా ఉంచండి.

గడువు అయిపోయింది, కానీ కోర్టులో కేసు ఉంది. తీసేయాలా?

ముట్టుకోవద్దు. కేసు, ఆడిట్ అభ్యంతరం, విచారణ, సమాచార హక్కు దరఖాస్తు, వీటిలో ఏది నడుస్తున్నా గడువు ఆగినట్టే. కట్ట మీద ఎర్ర చీటీ అంటించండి.

## ఉంచిన తర్వాత

ఒకసారి శాశ్వతం అన్నాక మళ్లీ తీసేయకూడదా?

తీసేయొచ్చు, అరుదుగా. దాన్నే పునర్మదింపు అంటారు. ఇంతకంటే పూర్తి వరుస ఇంకోచోట బయటపడితే, లేదా అసలు పొరపాటున చేరితే. ఎవరూ అడగడం లేదన్నది మాత్రం కారణం కాకూడదు. సూచికే లేని కట్టను ఎవరు అడుగుతారు?

ఇ-ఆఫీసులో ఉన్నవి, వాట్సాప్‌లో నడిచినవి?

కంప్యూటర్‌లో పుట్టినది కూడా చట్టం దృష్టిలో రికార్డే. పాత కాగితం నలభై ఏళ్లు పట్టించుకోకపోయినా కొంత మిగులుతుంది. డిజిటల్ ఫైలు పదేళ్లు వదిలేస్తే తెరుచుకోకపోవచ్చు. అందుకే వీటికి మదింపు ఫైలు మూసేటప్పుడు కాదు, ఆ పద్ధతి తయారుచేసేటప్పుడే జరగాలి. ఏ తరగతి ఎన్నేళ్లు, ఎవరు చూశారు, ఎప్పుడు మార్చారు అన్న వివరాలు ఫైలుతోపాటే కదలాలి. వాట్సాప్‌లో నిర్ణయం జరిగితే ఆ రోజే దాన్ని ఒక నోట్‌గా ఫైలులో పెట్టండి. తర్వాత పెడదామనుకున్నవి ఎప్పటికీ ఫైలెక్కవు.

## ఇంటి కాగితాలు, ఊరి కాగితాలు

మా తాతగారు కరణం. ఇంట్లో ఊరి లెక్కల కట్టలున్నాయి. ఏం చేయాలి?

మునసబు, కరణం పదవులు 1984లో రద్దయినప్పుడు చాలా ఊళ్లలో రికార్డులు హడావుడిగా చేతులు మారాయి, కొన్ని ఇళ్లలోనే ఉండిపోయాయి. సర్కారు రిజిస్టర్లయితే అవి మీవి కావు. జాబితా రాసి, ఫొటోలు తీసుకుని, తహసీల్దారు ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి.

సొంతంగా రాసుకున్న చిట్టాలు, ఊరి గుడి మాన్యాల లెక్కలు, తాటాకు కవిలెలు (కరణాలు రాసుకున్న ఊరి లెక్కల కట్టలు) ఉంటే అవి వేరే సంగతి. రెండు శతాబ్దాల కిందట ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కల్నల్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులూ వాళ్ల మనుషులూ ఊరూరా తిరిగి కైఫీయతులు (ఊళ్ల చరిత్రలు) సేకరించినప్పుడు కరణాల దగ్గరి ఇలాంటి కవిలెలే వాళ్లకు ఆధారం. ఆ కవిలెల్లో చాలావాటి జాడ ఇప్పుడు లేదు, వాటి నుంచి ఎత్తిరాసిన మాటలే మిగిలాయి. మీ ఇంట్లో ఒకటి నిలిచి ఉందంటే దయచేసి విడగొట్టి పంచుకోకండి, ఒక్కచోటే ఉంచండి.

ఇంట్లో పాత కాగితాలన్నీ దాచలేం. ఏవి ఉంచితే మంచిది?

ఆస్తి కాగితాలు ఎలాగూ ఉంచుతారు. 30 ఏళ్లు దాటిన పత్రం సరైనవారి దగ్గర నుంచే వచ్చిందని తేలితే అది నిజమైనదని కోర్టు భావించవచ్చు, కాబట్టి ఎవరి దగ్గర ఉంది, ఎలా వచ్చింది అన్నది కూడా ఒక చీటీ మీద రాసిపెట్టండి.

వాటి తర్వాత నేను ముందుగా పట్టుకునేది చదివింపుల పుస్తకం. పెళ్లిలో ఎవరు ఎంత చదివించారో రాసిన ఆ రూళ్ల నోటుబుక్కును పెళ్లయిన నెలకు ఎవరూ పట్టించుకోరు. అందులో మీ కుటుంబానికి ఏ ఊళ్లతో రాకపోకలున్నాయి, ఏ ఏట ఎంత చదివిస్తే మర్యాద అనుకునేవారు, ఏ ఇంటిపేర్లు తర్వాత కనబడకుండా పోయాయి అన్నీ ఉంటాయి. ఇంటి జమాఖర్చు పుస్తకం, వరుసగా ఉంటే, అంతే విలువైనది. ఉత్తరాలైతే రెండు వైపులవీ దొరికితే మరీ మంచిది. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు రాసిన ఉత్తరాలు, పంపిన మాటల క్యాసెట్లు ఎన్నో ఇళ్లలో అటక మీద ఉన్నాయి. ఆ వలస ఆ ఇళ్లకు ఎలా అనిపించిందో చెప్పేవి అవే.

అచ్చు శుభలేఖల కట్టలు, కరెంటు బిల్లులు, పేర్లు తెలియని నకలు ఫొటోలు వదిలేయొచ్చు.

ఫొటోల్లో ఎవరెవరో తెలియడం లేదు. ఉంచాలా?

ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారా? ఉంటే ఈ వారమే కూర్చోబెట్టి అడగండి. మెత్తటి పెన్సిలుతో ఫొటో వెనక పేరు, ఊరు, సుమారు ఏడాది రాయండి. బాల్ పెన్ను వాడొద్దు, సెల్లో టేపు వేయొద్దు, లామినేషన్ అసలే వద్దు, మళ్లీ తీయడం కుదరదు. గుండుసూదులు, స్టాప్లర్ పిన్నులు తుప్పు పడతాయి, తీసేయండి.

ఆర్కైవ్స్ వాళ్లకు ఇస్తే తీసుకుంటారా?

అన్నీ తీసుకోరు, అలా అంటే నొచ్చుకోకండి. వాళ్లూ తమ దగ్గరున్నవాటితో పోల్చి చూస్తారు. అడిగేముందు ఒక పుట రాసి పట్టుకెళ్లండి: ఎవరివి, ఏ ఏళ్లవి, ఎన్ని, ఏ భాష, మీకు ఎలా వచ్చాయి. ఎవరెవరు ఎప్పుడు చూడొచ్చు, నకళ్లు ఎవరు తీసుకోవచ్చు అన్నది ఇచ్చేటప్పుడే కాగితం మీద పెట్టించండి. రాష్ట్ర ఆర్కైవ్స్ వద్దంటే జిల్లా గ్రంథాలయం, విశ్వవిద్యాలయం చరిత్ర శాఖ, మీ ఊరి బడిని అడిగి చూడండి. ఎవరూ తీసుకోకపోయినా ఆ ఒక్క పుట వివరం మాత్రం పెట్టెలో పైన పెట్టి మూయండి.